జాన్ స్నో కలరా గ్రంథం – ఒక విమర్శ

వైద్యుడు రోగి మంచం పక్కన కూర్చుండి నాడి చూస్తాడు. ఆ ఒక్క మనిషికి ఏమైనదో తెలుసుకొని మందు ఇస్తాడు. కాని ఒకే వీధిలో ఒకే వారంలో వందమంది మంచం పట్టినప్పుడు, ఒక్కొక్కరి నాడి ఎంత శ్రద్ధగా చూచినా తెలియని సంగతులు కొన్ని ఉంటవి. జబ్బు ఈ వీధికే ఎందుకు వచ్చినది? పక్క వీధికి ఎందుకు రాలేదు? ఒకే ఇంట్లో తండ్రికి వచ్చి తల్లికి ఎందుకు రాలేదు? ఈ ప్రశ్నలకు జవాబు వెదికే శాస్త్రానికి ఎపిడెమియాలజీ అని పేరు. తెలుగులో దీనిని సాంక్రామిక రోగ విజ్ఞానం అంటున్నాము. ఈ పేరు కొంత ఇరుకైనదే. నేడు ఈ శాస్త్రం అంటువ్యాధులనే కాక గుండెజబ్బులను, కాన్సరును, రోడ్డు ప్రమాదాలను సైతం పరిశీలిస్తున్నది. అయినా ఇది పెరిగి పెద్దదైనది మాత్రం అంటువ్యాధుల మధ్యనే, ముఖ్యంగా కలరా మధ్య.

ఈ శాస్త్రాన్ని గురించి ఎవరు ఏ వ్యాసం వ్రాసినా జాన్ స్నో పేరుతో ప్రారంభిస్తారు. కథ అందరికీ తెలిసినదే. 1854లో లండన్ నగరంలో కలరా వచ్చినది. స్నో అనే వైద్యుడు చనిపోయినవారి ఇళ్ళను పటం మీద గుర్తించినాడు. గుర్తులన్నీ బ్రాడ్ వీధిలోని ఒక పంపు చుట్టూ చేరినవి. ఆయన ఆ పంపు పిడి తీయించినాడు. కలరా ఆగిపోయినది.

మా కళాశాలలో డిగ్రీ విద్యార్థులకు ఈ కథ చెప్పి, “కలరా ఎందుకు ఆగినది?” అని ఏటా అడుగుతుంటాను. తరగతి అంతా ఒక్క గొంతుతో “పిడి తీసినందుకు సార్” అంటుంది. కొన్నేళ్ళ క్రిందటి వరకు నేనూ ఆ జవాబుకు సంతోషించి ముందుకు సాగిపోయేవాడిని. తరువాత స్నో స్వయంగా వ్రాసిన గ్రంథాన్ని మొదటినుంచి చివరివరకు చదివినాను. నేను చెబుతూ వచ్చిన పాఠం ఆ గ్రంథంలో లేదు. ఉన్న పాఠం వేరు. అది ఎక్కువ కష్టమైనది, ఎక్కువ విలువైనది. అందుచేత ఆ గ్రంథాన్ని దాని బలంతోను, దాని లోపాలతోను పాఠకుల ముందు ఉంచడం అవసరమని తోచినది.

గ్రంథమూ గ్రంథకర్తా

‘కలరా సంక్రమించే విధానం’ అనే ఈ పుస్తకం మొదట 1849లో ముప్పై పేజీలకు కొంచెం మించిన చిన్న ప్రతిగా వెలువడినది. విస్తరించిన రెండవ కూర్పు 1855లో వచ్చినది. నేడు అందరూ చదివేది ఈ రెండవ కూర్పునే. గ్రంథకర్త జాన్ స్నో 1813లో యార్క్ నగరంలో జన్మించినాడు. వైద్యవృత్తిలో శిష్యరికం చేస్తున్న రోజులలోనే, 1831–32లో, న్యూకాసిల్ సమీపాన కిల్లింగ్‌వర్త్ బొగ్గుగనిలో కలరా రోగులకు పరిచర్య చేసినాడు. తరువాత లండన్‌లో మత్తు ఇచ్చే వైద్యుడుగా పేరు తెచ్చుకొని, 1853లో విక్టోరియా రాణి ప్రసవ సమయంలో ఆమెకు క్లోరోఫాం ఇచ్చినాడు. 1858లో 45 ఏళ్ళ వయసులో మరణించినాడు.

ఆయన వృత్తికీ ఈ గ్రంథానికీ సంబంధం లేకపోలేదు. ఆనాటి వైద్యులలో చాలామంది కుళ్ళిన పదార్థాలనుండి లేచే దుర్వాయువే కలరాకు మూలమని నమ్మినారు. వాయువులు మనిషి శరీరంలో ఎట్లా పనిచేస్తవో రోజూ చూచే స్నోకు ఆ మాట రుచించలేదు. వాయువు పీల్చినవాడికి ముందు తలో ఊపిరితిత్తులో చెడవలెను. కలరా రోగికి ముందు చెడేది కడుపు. కనుక విషం నోటిద్వారా లోపలికి పోయి ఉండాలి. లోపల పెరిగి ఉండాలి. విరేచనంతో బయటికి వచ్చి, మరొకరి నోటికి చేరే దారి ఏదో వెదుక్కొని ఉండాలి. ఆ దారి మురికి చేతులు కావచ్చును, దుప్పట్లు కావచ్చును, మంచినీరు కావచ్చును. గ్రంథం మొత్తానికి పునాది ఈ తర్కమే. గనిలో పనివారు మరుగుదొడ్డి లేని చోట పనిచేస్తూ, కడుగని చేతులతోనే అన్నం తింటారని, అందుకే వారిలో కలరా అంతగా ప్రబలుతుందని స్నో వ్రాసిన భాగం చదివితే, ఆయన శిష్యరికంనాటి అనుభవం ఎంత దూరం పనిచేసినదో తెలుస్తుంది.

కలరా క్రిమిని ఆయన చూడలేదు. ఇటలీలో ఫిలిప్పో పాచీని 1854లోనే దానిని సూక్ష్మదర్శినిలో చూచినాడు గాని ఆ మాట ఎవరి చెవికీ ఎక్కలేదు. 1884లో రాబర్ట్ కోఖ్ మన కలకత్తాలో పరిశోధించి ప్రకటించిన తరువాతనే లోకం ఒప్పుకొన్నది. అనగా స్నో ముప్పై ఏళ్ళ ముందుగా, క్రిమి తెలియకుండానే, అది నడిచే దారిని చెప్పినాడన్నమాట. కారణం పూర్తిగా తెలియకపోయినా దారిని మూసివేయవచ్చును. ప్రజారోగ్యానికి ఈ శాస్త్రం చేసే మొదటి ఉపకారం ఇదే.

బ్రాడ్ వీధి ఘట్టం

1854 ఆగస్టు 31 రాత్రి మొదలుకొని పది రోజులలో బ్రాడ్ వీధి పరిసరాలలో 500 మందికి పైగా కలరాతో మరణించినారని స్నో వ్రాసినాడు. జనన మరణాల రిజిస్ట్రారు కార్యాలయానికి వెళ్ళి సెప్టెంబరు 2తో ముగిసిన వారంలో చివరి మూడు రోజులకు నమోదైన 83 మరణాల జాబితా తెచ్చుకొని ఇంటింటికీ తిరిగినాడు. అందులో 10 మరణాలు మరొక పంపుకు దగ్గరగా ఉన్న ఇళ్ళలో సంభవించినవి. ఆ పదింటిలో అయిదు కుటుంబాలు బ్రాడ్ వీధి నీరు రుచిగా ఉంటుందని అక్కడినుంచే తెప్పించుకొనేవి. మరి ముగ్గురు ఆ పంపు దగ్గర బడికి వెళ్ళే పిల్లలు. మిగిలిన 73 మందిలో 61 మంది ఆ నీరు త్రాగేవారని తెలిసినది. ఆరుగురి సంగతి తెలియలేదు. ఆరుగురు త్రాగలేదని బంధువులు చెప్పినారు.

స్నో అంతటితో ఆగలేదు. పోలండ్ వీధిలో వర్క్‌హౌస్ అనే పేదల శరణాలయం ఉన్నది. దాని చుట్టూ ఇళ్ళలో కలరా మరణాలే. కాని లోపలి 535 మందిలో చనిపోయినది అయిదుగురే. వారికి సొంత బావి ఉన్నది. బ్రాడ్ వీధిలోనే బీరు తయారుచేసే కర్మాగారంలో 70 మందికి పైగా పనివారు, ఒక్కరూ చనిపోలేదు. వారికి బీరు ఉచితం, పైగా సొంత బావి. మరొక వైపు హాంప్‌స్టెడ్‌లో, కలరా లేని చోట, ఒక వృద్ధురాలు చనిపోయినది. ఆమె మునుపు బ్రాడ్ వీధిలో ఉండి, ఆ నీటి రుచి మరిగి, రోజూ బండి మీద తెప్పించుకొనేదని కొడుకులు చెప్పినారు. చూడవచ్చిన మేనకోడలు కూడా ఆ నీరే త్రాగి, తన ఊరికి వెళ్ళి చనిపోయినది.

ఈ ఘట్టం నిజంగా గొప్పది. నియమానికి లోబడినవాటిని లెక్కించడం తేలిక. లోబడనట్లు కనిపించేవాటి వెంట పడడం కష్టం. దగ్గర ఉండీ బ్రతికినవారెవరు, దూరాన ఉండీ చనిపోయినవారెవరు అని స్నో వెదికినాడు. శరణాలయము, బీరు కర్మాగారము, హాంప్‌స్టెడ్ వృద్ధురాలు - ఈ మూడూ దుర్వాయువు వాదానికి జవాబు దొరకని ప్రశ్నలు. గాలి అందరికీ ఒక్కటే. నీరు మాత్రం వేరు.

కథలో చేరిన కల్పన

ఇక పిడి సంగతి. సెప్టెంబరు 7 సాయంకాలం స్నో పారిష్ పాలకులను కలుసుకొని తన అభిప్రాయం చెప్పినాడు. మరునాడు, 8వ తేదీన, పిడి తీసివేసినారు. ఇంతవరకు కథ నిజమే. కాని స్నో తన గ్రంథంలోనే రోజువారీ పట్టిక ఒకటి ఇచ్చినాడు. ప్రాణాంతకమైన జబ్బు ఏ రోజున ఎందరికి మొదలైనదో అందులో ఉన్నది. సెప్టెంబరు 1న 143 మందికి, 2న 116, 3న 54, 4న 46, 5న 36, 6న 20, 7న 28. పిడి తీసిన 8న 12, మరునాడు 11.

అనగా పిడి తీసేనాటికే వ్యాధి శిఖరం దాటి వారం రోజులైనది. జనం అప్పటికే ఇళ్ళు విడిచి పారిపోయినారు. స్నో ఈ సంగతిని దాచలేదు. ప్రజలు వెళ్ళిపోవడంవల్లనే వ్యాధి తగ్గి ఉండవచ్చుననీ, నీరు ఆపే సమయానికి బావిలో విషం ఇంకా ఉన్నదో లేదో నిర్ణయించడం సాధ్యం కాదనీ ఆయనే ఒప్పుకొన్నాడు. కాకి వాలినది, తాటిపండు పడినది. కాకి వాలినందుకే పండు పడినదని గ్రంథకర్త అనలేదు. ఆ మాట తరువాతివారు ఆయన నోట పెట్టినారు.

పటం సంగతీ అంతే. చుక్కల పటాన్ని చూచి పంపును పట్టుకొన్నాడని మనం చెబుతాము. నిజానికి స్నో పంపును అనుమానించినది తన తర్కంవల్ల, రుజువు చేసినది ఇంటింటి విచారణవల్ల. ప్రసిద్ధి కెక్కిన పటం ఆ తరువాత, విషయాన్ని ఇతరులకు చూపడానికి తయారైనది. పటం చూచినంతనే కారణం తెలిసిపోదు. అదే పటాన్ని దుర్వాయువు వాది చూచి, “ఈ వీధిలోనే గాలి చెడ్డది” అనవచ్చును; అన్నారు కూడా.

ఈ చిన్న తేడాలకు ఇంత పట్టుదల ఎందుకని పాఠకులు అడగవచ్చును. కారణం ఉన్నది. ఒక పని చేసిన తరువాత ఒక ఫలితం కనిపిస్తే, ఆ పనివల్లనే ఆ ఫలితం వచ్చినదనుకోవడం మన మనస్సుకు సహజం. తాయెత్తు కట్టిన తరువాత జ్వరం తగ్గితే తాయెత్తు తగ్గించినదంటాము. ఈ అలవాటును సరిదిద్దడానికే ఈ శాస్త్రం పుట్టినది. అటువంటి శాస్త్రానికి మొదటి పాఠంగా మనం చెప్పే కథ అదే అలవాటును పెంచేదైతే, ఇక పిల్లలు నేర్చుకొనేదేమిటి? తాయెత్తు బదులు పంపు పిడి, అంతే.

లవం ఉన్నది, హారం లేదు

ఇప్పుడు గ్రంథంలోని అసలు లోపానికి వస్తాను. 73 మందిలో 61 మంది ఆ నీరు త్రాగినారు. మంచి సంఖ్యే. కాని వీధిలో బ్రతికి ఉన్నవారిలో ఆ నీరు త్రాగినవారెందరు? అందరూ ఆ పంపు నీరే త్రాగే వీధిలో చనిపోయినవారూ త్రాగినవారే అయి ఉంటారు. చనిపోయినవారిలో ఎక్కువమంది కట్టెల పొయ్యి మీద వండిన అన్నం తిన్నారంటే, కట్టెలు కలరాకు కారణం కావు గదా. భిన్నంలో పైన ఉండే లవం మాత్రమే చూపి, క్రింద ఉండే హారం చూపకపోతే దాని విలువ తెలియదు. బ్రాడ్ వీధి ఘట్టంలో స్నో మృతులను లెక్కించినాడు. జీవించినవారిని ఇంటింటా లెక్కించలేదు.

ఆ పని చేసినది వైద్యుడు కాదు. ఆ పేటలోని చర్చిలో పనిచేసే హెన్రీ వైట్‌హెడ్ అనే యువ పాదిరీ. ఆయన స్నో మాట నమ్మక, దానిని తప్పని చూపించాలనే బయలుదేరినాడు. పేటలో ప్రతి ఇల్లూ ఆయనకు తెలుసు. ఒక్కొక్క ఇంటికి నాలుగైదు మార్లు వెళ్ళి, జబ్బుపడినవారినే కాక పడనివారిని కూడా విచారించినాడు. ఆ నీరు త్రాగిన 137 మందిలో 80 మందికి కలరా వచ్చినది. త్రాగని 299 మందిలో 20 మందికి మాత్రమే వచ్చినది. నూటికి 58 ఒక వైపు, నూటికి 7 మరొక వైపు. ఇప్పుడు భిన్నం పూర్తియైనది. కాదనడానికి వెళ్ళినవాడే రుజువు తెచ్చి ఇచ్చినాడు. నా దృష్టిలో బ్రాడ్ వీధి కథలో అన్నిటికంటే గొప్ప భాగం ఇది. పాఠ్యపుస్తకాలలో ఈ పాదిరీ పేరు కనిపించడమే అరుదు.

వైట్‌హెడ్ మరొక సంగతి కూడా కనిపెట్టినాడు. పంపు ఎదుట ఉన్న 40వ నంబరు ఇంట్లో ఒక పసిపాపకు ఆగస్టు చివర విరేచనాలు పట్టినవి. తల్లి గుడ్డలు ఉతికిన నీటిని ఇంటి ముందరి మరుగు గుంటలో పోసినది. తరువాత త్రవ్వి చూస్తే ఆ గుంట గోడ శిథిలమై ఉన్నది. బావికీ దానికీ మధ్య దూరం మూడడుగుల లోపే. ఆ పాప తండ్రికి కలరా మొదలైనది సెప్టెంబరు 8న, సరిగ్గా పిడి తీసిన రోజున! పిడి ఉండి, వెళ్ళిపోయిన జనం తిరిగి వచ్చి ఉంటే, ఆ నీటితో రెండవ విడత మొదలై ఉండేదేమో. కనుక పిడి తీయడం వ్యర్థం కాదు. అయితే దాని ఫలితం, ఆగిన కలరాలో లేదు. రాకుండా పోయిన కలరాలో ఉన్నది. ప్రజారోగ్య కృషికి ఎప్పుడూ ఉన్న చిక్కు ఇదే. రానిదానిని ఎవరూ చూడరు, చూడనిదానికి ఎవరూ మెచ్చుకోరు.

లోపాలలో మరొకటి. నీరు త్రాగలేదని చెప్పిన ఆరుగురి విషయంలో, ఆ పేటలోని మద్యశాలలలోను, కాఫీ దుకాణాలలోను ఆ నీరే కలిపేవారు కనుక వారికి తెలియకుండా త్రాగి ఉండవచ్చునని స్నో సూచించినాడు. తన ఖాతాదారులలో తొమ్మండుగురు చనిపోయినారని ఒక కాఫీ దుకాణం ఆమె చెప్పినది కూడా. సూచన సబబైనదే. కాని ఇది ఇరువైపులా పదునున్న కత్తి. త్రాగినవాడు చనిపోతే నీటివల్ల. త్రాగనివాడు చనిపోతే తెలియక త్రాగినందువల్ల. ఇట్లా వాదిస్తే ఏ ప్రతిపాదనా ఎన్నటికీ ఓడిపోదు. ఓడిపోవడానికి వీలులేని ప్రతిపాదన విజ్ఞానశాస్త్రంలో చేరదు. స్నో ఈ ప్రమాదంలో పడకుండా తప్పించుకొన్నది గ్రంథంలోని తరువాతి భాగంవల్లనే.

అసలైన రుజువు

ఆ తరువాతి భాగమే ఈ గ్రంథానికి గుండెకాయ. దక్షిణ లండన్‌కు రెండు నీటి కంపెనీలు నీరిచ్చేవి. సదర్క్ అండ్ వాక్సాల్ కంపెనీ నగరపు మురికి కలిసే బాటర్సీ వద్ద థేమ్స్ నదినుంచి నీరు తోడేది. లాంబెత్ కంపెనీ 1852లో తన స్థానాన్ని మార్చుకొని ఎగువన, మురికి చేరని థేమ్స్ డిట్టన్‌కు వెళ్ళినది. వెనుకటి పోటీల ఫలితంగా రెండు కంపెనీల గొట్టాలూ ఒకే వీధులలో నడిచేవి. పక్కపక్క ఇళ్ళకు వేర్వేరు నీరు. ధనికులు, పేదలు, పెద్ద ఇళ్ళు, చిన్న ఇళ్ళు రెంటిలోను ఉన్నవి. మూడు లక్షల మంది, తమకు తెలియకుండానే, రెండు వర్గాలుగా విడిపోయి ఉన్నారు. ఏ ప్రయోగశాలలోను ఇంతకంటే మంచి ప్రయోగం అమర్చలేరు.

చిక్కు ఒకటి వచ్చినది. నీటి పన్ను ఇంటి యజమాని కడతాడు. అద్దెకున్నవారికి తమ నీరు ఏ కంపెనీదో తెలియదు. రసాయనశాస్త్రం చదువుకొన్న నావంటివాడికి ముచ్చట గొలిపే ఉపాయం ఇక్కడ ఉన్నది. బాటర్సీ వద్దకు సముద్రపు పోటు వస్తుంది. ఆ నీటిలో ఉప్పు ఎక్కువ. స్నో లెక్క ప్రకారం గాలనుకు 37.9 గ్రెయినులు, థేమ్స్ డిట్టన్ నీటిలో 0.95 గ్రెయిను మాత్రమే. ఒక చిన్న సీసాలో నీరు పట్టి సిల్వర్ నైట్రేట్ ద్రావణం కొద్దిగా పోస్తే, మొదటి నీటిలో పెరుగువంటి తెల్లని అవక్షేపం దట్టంగా పడుతుంది. రెండవదానిలో కొంచెం మసక మాత్రమే. ఇంటర్మీడియెట్ విద్యార్థి చేసే క్లోరైడు పరీక్షతో స్నో మృతుల ఇళ్ళకు నీరెక్కడిదో తేల్చినాడు.

ఫలితం ఇది. మొదటి నాలుగు వారాలలో విచారించిన 334 మరణాలలో 286 సదర్క్ కంపెనీ ఇళ్ళలో, 14 మాత్రమే లాంబెత్ ఇళ్ళలో. మొదటి ఏడు వారాలకు పట్టిక ఇట్లా ఉన్నది. సదర్క్ కంపెనీ నీరు తీసుకొన్న 40,046 ఇళ్ళలో 1,263 మరణాలు, అనగా పదివేల ఇళ్ళకు 315. లాంబెత్ నీరు తీసుకొన్న 26,107 ఇళ్ళలో 98 మరణాలు, పదివేలకు 37. ఇక్కడ లవమూ ఉన్నది, హారమూ ఉన్నది, పోల్చడానికి సాటియైన రెండవ వర్గమూ ఉన్నది. ఎపిడెమియాలజీకి ప్రాథమిక సూత్రాలేవని అడిగితే ఈ ఒక్క పట్టికను చూపితే చాలును.

దీనిలోనూ లోపాలు లేకపోలేదు. మిగిలిన లండన్‌కు 2,56,423 ఇళ్ళు, 1,422 మరణాలు వేసి, పదివేలకు 59 అని స్నో వ్రాసినాడు. భాగించి చూస్తే 55 మాత్రమే వస్తుంది. ఇది చిన్న పొరపాటు. వాదానికి హాని లేదు. పెద్దది మరొకటి. రెండు కంపెనీల గొట్టాలూ కలిసి ఉన్న వీధులలోని ఇళ్ళను మాత్రమే తీసుకొంటేనే పోలిక న్యాయమైనది. కాని గ్రంథం వ్రాసేనాటికి ఆయా పేటలలో ఏ కంపెనీకి ఎన్ని ఇళ్ళో స్నోకు లభించలేదు. అందుచేత ఆయన హారంలో ఒకే కంపెనీ పాలించిన పేటల ఇళ్ళు కూడా చేరినవి. తాను అంతగా పొగడిన ప్రయోగపు స్వచ్ఛత పట్టికలోకి వచ్చేసరికి కొంత తగ్గినది. ఇల్లు ఒక్కింటికి మనుషులెందరో కూడా లెక్కలో లేదు. అయినా ఎనిమిది రెట్లకు మించిన తేడాను ఈ లోపాలు మింగివేయలేవు. 1856లో పేటలవారీ లెక్కలు వచ్చిన తరువాత స్నో మళ్ళీ వ్రాసినాడు; ఫలితం మారలేదు.

సమకాలికుల తీర్పు

ఇంత రుజువున్నా 1855లో ప్రభుత్వ ఆరోగ్యమండలి నియమించిన విజ్ఞానుల సంఘం స్నో అభిప్రాయాన్ని అంగీకరించలేదు. వారిని మూర్ఖులని తోసివేయడం న్యాయం కాదు. వారి చేతిలోనూ లెక్కలు ఉన్నవి. విలియం ఫార్ ఆనాటి గణాంకవేత్తలలో అగ్రగణ్యుడు. 1849 నాటి మరణాలను థేమ్స్ మట్టంనుంచి ఎత్తునుబట్టి ఆయన వర్గీకరించినాడు. 20 అడుగుల లోపు పేటలలో పదివేల మందికి 102 మరణాలు. ఎత్తు పెరిగినకొద్దీ మెట్లు దిగినట్లు తగ్గి, 340 అడుగుల పైన 7 మాత్రమే. పల్లపు నేలల దుర్వాయువుకు ఇంతకంటే అందమైన రుజువు ఏమి కావాలి?

లెక్క నిజం, అర్థం తప్పు. పల్లపు పేటలవారు త్రాగినది నది దిగువన తోడిన మురికి నీరు. ఎత్తు, నీరు రెండూ కలిసి నడిచినవి. ఫార్ ఎత్తును పట్టుకొన్నాడు. ఎత్తైన చోట ఉన్న వుల్వర్‌హాంప్టన్, మెర్థిర్ టిడ్విల్ వంటి ఊళ్ళలో కలరా ఎందుకు విజృంభించినదని స్నో అడిగినాడు. జవాబు రాలేదు. 1866లో తూర్పు లండన్‌లో కలరా వచ్చినప్పుడు ఫార్ తానే లెక్కలు తీసి, ఒక్క నీటి కంపెనీ పరిధిలోనే మరణాలు గుమిగూడినట్లు చూపి, నీటి వాదాన్ని బలపరచినాడు. అప్పటికి స్నో లేడు. తన లెక్క తనను తప్పుదారి పట్టించినదని ఒప్పుకొనగలగడం ఫార్ గొప్పతనం.

స్నో కూడా ఒకచోట ఇటువంటి పొరపాటే చేసినాడు. కలరాకు చెల్లిన నీటి సూత్రాన్ని గ్రంథం చివర టైఫాయిడుకు, విరేచనాలకు వర్తింపజేసినాడు, అవి నిలిచినవి. కాని ప్లేగుకు, పచ్చజ్వరానికి, చలిజ్వరానికి కూడా వర్తింపజేయబోయినాడు. అక్కడ ఆయన చేతిలో పట్టికలు లేవు, పోలిక లేదు. తర్కం మాత్రమే ఉన్నది. చలిజ్వరం నీటి మూలంగా వస్తుందనే భావం చాలాకాలం నిలిచినది. దోమలు పడి చచ్చిన నీటిని త్రాగితే మలేరియా వస్తుందేమోనని రొనాల్డ్ రాస్ సైతం మొదట మన సికింద్రాబాదులోనే పరీక్షించి చూచినాడు. ఆ సికింద్రాబాదులోనే 1897 ఆగస్టు 20న ఒక దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని కనుగొని, దారి నీరు కాదు, దోమ అని నిరూపించడానికి బాట వేసినాడు. ఒక రోగానికి లెక్కలతో గెలిచిన సూత్రం మరొక రోగానికి లెక్కలు లేకుండా చెల్లదు.

మనకు మిగిలే పాఠం

నూటడెబ్బై ఏళ్ళనాటి ఈ పుస్తకాన్ని ఇంత తరచి చూడడం చరిత్ర కోసం మాత్రమే కాదు. 2020లో కరోనా రోజులలో ప్రతి సాయంకాలం కేసుల సంఖ్య కోసం మనమందరం ఎదురుచూచినాము. నిన్నటికంటే ఎక్కువైతే భయపడినాము, తక్కువైతే ఊపిరి పీల్చుకొన్నాము. ఎన్ని పరీక్షలలో అన్ని కేసులో అడిగినవారు కొద్దిమంది. మనం చూచినది లవం మాత్రమే.

ఆ సంవత్సరం మే 11 మొదలు జూన్ 4 వరకు భారత వైద్య పరిశోధనా మండలి 70 జిల్లాలలో 28,000 మంది రక్తాన్ని పరీక్షించినది. మన వైపు జనగాం, కామారెడ్డి, నల్లగొండ, కృష్ణా, నెల్లూరు, విజయనగరం జిల్లాలు అందులో ఉన్నవి. ఇళ్ళకు వెళ్ళి, జబ్బు ఉన్నవారినీ లేనివారినీ కూడా ఎంపికచేసి పరీక్షించినారు. పెద్దవారిలో నూటికి 0.73 మందికి అప్పటికే వైరస్ సోకినట్లు తేలినది. దేశం మొత్తానికి లెక్కకడితే సుమారు 64 లక్షల మంది. బయటపడిన ఒక్కొక్క కేసుకు 82 నుండి 130 వరకు సోకినవారు ఉన్నట్లు అంచనా. గుమ్మం గుమ్మం ఎక్కి, జబ్బు లేనివారి పేరు కూడా వ్రాసుకొన్న వైట్‌హెడ్ పద్ధతి ఇదే.

కనుక స్నో గ్రంథం విషయంలో నా తీర్పు ఇది. బ్రాడ్ వీధి భాగం చక్కని అపరాధ పరిశోధన, కాని అసంపూర్ణం. దక్షిణ లండన్ భాగం శాస్త్రం, లోపాలున్నా చెక్కుచెదరనిది. చివరి భాగం ఊహ. మనం మాత్రం మొదటి భాగాన్ని, అదీ గ్రంథకర్త అనని మాటలు చేర్చి, పాఠంగా చెబుతున్నాము. రెండవ భాగాన్ని వదలివేస్తున్నాము. ఆ రెండు కంపెనీల పట్టిక, దాని పక్కన వైట్‌హెడ్ లెక్క, మన పాఠ్యపుస్తకాలలో పంపు బొమ్మ ఉన్న చోట చేరితే బాగుంటుంది. అవి అర్థం చేసుకోవడానికి భిన్నాలు తెలిస్తే చాలును.

ఈ ఏడు మా తరగతిలో ప్రశ్న మార్చినాను. రోజువారీ పట్టికను నల్లబల్ల మీద వ్రాసి, పిడి తీసిన తేదీ క్రింద గీత గీసి, ఏమీ చెప్పకుండా నిలబడినాను. కొంతసేపు నిశ్శబ్దం. వెనుక బెంచీనుంచి ఒక అమ్మాయి లేచి, “అప్పటికే తగ్గిపోయింది గదా సార్, మరి పిడి ఎందుకు తీసినట్టు?” అని అడిగినది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి రెండు పీరియడ్లు పట్టినది. పాఠం ఆ ప్రశ్నతోనే మొదలు కావలసి ఉన్నది. నేను ఇన్నేళ్ళూ దానిని జవాబుతో ముగిస్తూ వచ్చినాను.